త్రాగునీటి జలాశయము – విహారస్థలము
గ్రామ పంచాయతీలకు ఒక పాఠము

ఝరాసంగం అను పేరులోనే నీరున్నది. ఝరమనగా సెలయేరు, సంగమమనగా కలయిక. కేతకీ సంగమేశ్వరస్వామి దర్శనార్థము వచ్చు యాత్రికులు ఆలయపు గుండమును సేవింతురు. నీటిని గౌరవించుట ఈ ప్రాంతమునకు క్రొత్త గాదు.

మన పెద్దలు గ్రామములందు ఒక కట్టుబాటు పాటించిరి. మంచినీళ్ల బావి వేరు. పశువులు దిగు చెరువు వేరు. మంచినీళ్ల బావి గట్టుపై బట్టలు ఉతుకనిచ్చెడివారు కారు. పిల్లలు అందులో ఈతకు దిగినచో కేకలువేసి వెళ్లగొట్టెడివారు. నేడు ఆ బావికి బదులు దూరముననున్న జలాశయమునుండి గొట్టములద్వారా నీరు మన యిండ్లకు వచ్చుచున్నది. ఆ జలాశయమే సెలవుదినమున ప్రజలు చూడబోవు విహారస్థలము కూడ అగుచున్నది. ఒకే నీరు రెండు పనులకు వచ్చునపుడు పెద్దల కట్టుబాటును ఎట్లు నిలుపుకొనవలెను? ఈ ప్రశ్ననే పంచాయతీ సభ్యుల ఎదుట ఉంచుచున్నాము.

మన వాగు ఎచటికి పోవుచున్నది?

కోహీరు ప్రాంతమున పుట్టిన నారింజ వాగు జహీరాబాదు మండలముగుండా ప్రవహించి కర్ణాటక రాష్ట్రమున ప్రవేశించును. అచట దానికి కారంజా అని పేరు. బీదరు జిల్లాలో అది మంజీరానదిని కలియును. మహారాష్ట్రమునందలి బీడు జిల్లాలో, బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీర ఈ ఉపనదిని కలుపుకొని సంగారెడ్డి జిల్లాకు వచ్చి, సింగూరు జలాశయమున నిలుచును. మిషన్ భగీరథ పథకముక్రింద ఆ సింగూరు నీరే శుద్ధియై జహీరాబాదు ప్రాంతపు గ్రామములకు వచ్చుచున్నది.

అనగా మన గడ్డపై కురిసిన వాన పొరుగు రాష్ట్రమును చుట్టివచ్చి తిరిగి మన బిందెలో పడుచున్నది. వాగులోనికి మనము విడిచిన మురుగు సైతము ఆ దారినే పయనించును. ఈ సంగతి గ్రహించినచో తక్కిన పాఠమంతయు సులభము.

జలాశయపు లెక్క

సింగూరు నిండినపుడు సుమారు 30 టి.యం.సి.ల నీరు పట్టును. ఒక టి.యం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. లీటర్లలో సుమారు 2,832 కోట్లు. గ్రామములందు మనిషికి దినమునకు 100 లీటర్లు ఇయ్యవలెనని మిషన్ భగీరథ లక్ష్యము. మూడువేల జనాభా గల గ్రామమునకు దినమునకు 3 లక్షల లీటర్లు, ఏడాదికి సుమారు 11 కోట్ల లీటర్లు కావలెను. ఈ లెక్కన ఒక టి.యం.సి. అట్టి 250 గ్రామములకు ఏడాదిపాటు చాలును.

ఇది వినిన నీటికి కొదువ లేదనిపించును. కాని హక్కుదారులు అనేకులు. సింగూరు హైదరాబాదు నగర దాహమునకై తలపెట్టిన జలాశయము. దానికి దిగువన ఘనపురము ఆనకట్టక్రింది రైతులును, 1931లో పూర్తియైన నిజాంసాగరము క్రింది రైతులును ఆ నదినే నమ్ముకొనియున్నారు. సూర్యుడును భాగస్థుడే. ఒక హెక్టారు నీటి ఉపరితలము ఎండకు ఒక మీటరు తగ్గినచో కోటి లీటర్లు ఆవిరియైనట్లు. ఇక వరదతో వచ్చు ఒండ్రు ఏటేటా అడుగున చేరి, నీరు నిలువవలసిన చోటును ఆక్రమించును.

విహారము తప్పు కాదు

కెనడా దేశమున సస్కాచెవాన్ రాష్ట్రమున ప్రెయిరీలను విశాలమైన పచ్చిక మైదానములు కలవు. అచట 1967లో పూర్తియైన గార్డినర్ ఆనకట్ట వెనుక సుమారు 225 కిలోమీటర్ల పొడవున డీఫెన్‌బేకర్ జలాశయము ఏర్పడినది. దాని నీటిని బఫెలో పౌండ్ అను సరస్సునకు విడిచి, అచటినుండి శుద్ధిచేసి రెజైనా, మూస్ జా నగరములకు పంపుదురు. ఆ సరస్సు ఒడ్డుననే ఉద్యానవనము కలదు. వేసవిలో జనులు పడవలు నడుపుదురు, ఈతలాడుదురు, చేపలు పట్టుదురు. కాని పొలముల ఎరువులు కొట్టుకొనివచ్చి చేరినచో నీటిలో నాచు బలియును, శుద్ధి కష్టమగును. కనుక విహారమునకు ఏర్పాటు వేరు, నీటికి కాపలా వేరు ఉండవలెను.

మన రాజధానిలో రెండు విధముల నిదర్శనములును కలవు. 1908 సెప్టెంబరున మూసీ వరద నగరమును ముంచిన పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్ సాగరము 1920లో, హిమాయత్ సాగరము 1927లో పూర్తియైనవి. గండిపేట కట్టపై షికారు తరతరములుగా సాగుచునే యున్నది; నగరమునకు ఆ నీరును అందినది. 1996 మార్చిలో ప్రభుత్వము 111వ జీ.ఓ. ద్వారా ఆ జలాశయములకు పది కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, కలుషిత పరిశ్రమలను నిషేధించెను. 2022 ఏప్రిలులో ఆ ఉత్తరువును ఉపసంహరించి, నీటి నాణ్యతకు రక్షణ ఉండవలెనని వేరొక ఉత్తరువు ఇచ్చిరి.

1562 ప్రాంతమున నిర్మితమైన హుస్సేన్ సాగరము కూడ ఒకప్పుడు త్రాగునీటి చెరువే. నగరపు మురుగు దానిలో చేరినది. నేడు అందు పడవలు తిరుగుచున్నవి. ఆ నీటిని త్రాగువారు మాత్రము లేరు. విహారము మిగిలి దాహము తీరని చెరువునకు ఇంతకంటె నిదర్శనమేల?

నది ఎండిననాడు

2016 వేసవి నాటికి సింగూరు అడుగంటినది. అదే మంజీరపై, ఎగువన, లాతూరు పట్టణమునకు నీరిచ్చు మాంజరా జలాశయమును ఎండిపోయెను. ఆ ఏప్రిలులో మిరజ్ నుండి రైలుబండిలో లాతూరునకు నీరు తెచ్చిరి. తొలి బండిలో వచ్చినది 5 లక్షల లీటర్లు. పైన చెప్పిన మూడువేల జనాభా గల గ్రామమునకు అది రెండుదినములకైనను చాలదు. జలాశయము ఉన్నదను ధైర్యముతో గ్రామమునందలి చెరువును, బావిని మరచినవారికి ఆ వేసవి హెచ్చరిక.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, చిన్ననీటి వనరులు, పారిశుద్ధ్యము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. కనుక సభ్యులు ఈ క్రింది పనులను చేపట్టవలెను.

1. గ్రామపు మురుగుకాలువ ఏ వాగులో కలియుచున్నదో సభ్యులు స్వయముగా నడచి చూడవలెను. వీలైన ప్రతి యింటివద్ద ఇంకుడు గుంత త్రవ్వింపవలెను.

2. పురుగుమందుల ఖాళీ డబ్బాలను వాగులో కడుగుట, పారవేయుట మాన్పింపవలెను.

3. వాగు ఒడ్డులను దున్ననీయక గడ్డిని, చెట్లను పెంచవలెను. వేరు పట్టిన మట్టి జలాశయమునకు కొట్టుకొనిపోదు.

4. ఊరి చెరువు పూడిక తీయించి, పాత మంచినీళ్ల బావిని బాగుచేయించి ఉంచవలెను. గొట్టము ఆగిననాడు అదియే దిక్కు.

5. కుళాయి నీటిలో క్లోరిన్ లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాము మిగిలియున్నదో లేదో తరచు పరీక్షింపవలెను.

6. చెరువుకట్టను విహారస్థలముగా తీర్చునపుడు స్నానపు రేవును, పశువుల రేవును, నీరు తోడు చోటును వేరువేరుగా నిర్ణయింపవలెను. లోతు తెలుపు పలకలు నాటవలెను. మంజీరలో మొసళ్లున్నవని పిల్లలకు చెప్పవలెను.

ఈ పనులలో అధికభాగమునకు పెద్ద ధనము అక్కరలేదు. గ్రామసభలో తీర్మానమును, దానిని అమలుజరుపు పట్టుదలయు కావలెను. వచ్చు గ్రామసభకు ముందే సభ్యులు ఒక ఉదయము వాగు వెంబడి నడచి, చూచినదానిని సభలో చెప్పుదురుగాక. మంచినీళ్ల బావికి మన పెద్దలు పెట్టిన కట్టుబాటు నేడు వాగునకును వర్తింపవలెను. ఆ బావి ఇప్పుడు సింగూరు వరకు విస్తరించినది.