నలుగు - ఉబ్టన్ : ఒక పరిశీలన

దేహశుద్ధి నాగరికతకు తొలి మెట్టు. సబ్బు మన పల్లెలకు రాకముందు పెద్దలు ఒంటికి పట్టించి రుద్దుకొనిన పిండిని తెలుగువారు నలుగు అనియు, సున్నిపిండి అనియు పిలిచిరి. ఉర్దూ మాటలాడు ఇండ్లలో దానినే ఉబ్టన్ అందురు. ఉబ్టన్ పారశీక పదమని పలువురు తలంతురు. కాని అది సంస్కృతమందలి ‘ఉద్వర్తన’ శబ్దము ప్రాకృతము మీదుగా మారివచ్చిన రూపము. పెండ్లికి ముందు హిందూ వధువుకు నలుగు పెట్టుదురు. ముస్లిం వధువును మాంఝాలో కూర్చుండబెట్టి పసుపు, ఉబ్టన్ పూయుదురు. స్టేషన్ ఘన్‌పూర్ వంటి మన ఊళ్ళలో పేర్లు రెండైనను పిండి ఒక్కటే.

ఈ పిండి చేయు పని ఏమి? చర్మపు పైపొర మృతకణములతో ఏర్పడినది. అడుగున పుట్టిన కణము పైకి జరిగి, మరణించి, రాలిపోవుటకు యౌవనములో సుమారు 4 వారములు పట్టును. మృతమైనను ఆ పొర వ్యర్థము కాదు. లోపలి తేమను నిలుపునదియు, వెలుపలి క్రిములను ఆపునదియు అదియే. కావున రాలుటకు సిద్ధమైన కణములను మాత్రమే నలుగుతో తీయవలెను. గట్టిగా రుద్దినచో రక్షణకవచమే చెదరును.

వానకాలమున మన ప్రాంతపు చేలలో పండు పెసలు ఇందుకు శ్రేష్ఠము. పెసలను ఎండబెట్టి, విసరి, పలుచని బట్టతో జల్లెడ పట్టవలెను. పిండి ఎంత మెత్తనైనచో చర్మమునకు అంత క్షేమము. నాలుగు చెంచాల పిండికి చిటికెడు పసుపు చాలును. అంగడి పసుపుపొడిలో రంగు కొరకు లెడ్ క్రోమేట్ అను విషపదార్థము కలుపు కల్తీ ఉన్నది గనుక కొమ్ములు తెచ్చి ఇంట దంచుకొనుట మేలు. పొడిని తడి తగులని సీసాలో ఉంచవలెను. కలిపిన ముద్దను మాత్రము నిలువ చేయరాదు.

పొడి చర్మము గలవారు మీగడతోను, జిడ్డు చర్మము గలవారు పెరుగుతోను కలుపుకొనవచ్చును. పెరుగులోని లాక్టిక్ ఆమ్లము మృతకణముల పట్టును కొంత సడలించును. మొదట మోచేతి లోపలి భాగమున కొద్దిగా పూసి ఒక దినము చూడవలెను. దురదగాని ఎరుపుగాని లేనిచో తడిపిన ముఖమునకు పట్టించి, సగము ఆరిన పిమ్మట తడి వ్రేళ్ళతో ఒక నిమిషము మృదువుగా రుద్ది, నీటితో కడిగి, చుక్క కొబ్బరినూనె రాయవలెను. వారమునకు ఒకసారి చాలును. చీము పట్టిన మొటిమలపైనను, గాయములపైనను వాడరాదు.

ఉప్పు, చక్కెర పలుకులు ముఖమును గీరును. నిమ్మరసము తీవ్రమైన ఆమ్లము. అది పూసుకొని ఎండలోనికి పోయినచో చర్మము కమిలి నల్లమచ్చలు పడవచ్చును. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ నలుగుతో పోవునది కాదు. అది కుష్ఠు లక్షణము కావచ్చును గనుక వెంటనే సర్కారు దవాఖానకు పోవలెను. అచట చికిత్స ఉచితము.

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచిన విషయము ఒకటి గలదు. నలుగు రంగును మార్చదు. చర్మపు రంగునకు కారణమైన మెలనిన్ బాహ్యచర్మము అడుగున తయారగును. ఏ పిండియు అచటికి చేరదు. అయినను పెండ్లిచూపులలో పిల్ల చదువుకంటె ముందు చాయను అడుగు అలవాటు రెండు మతములవారిలోను పోలేదు. ఆ భయముపైననే వ్యాపారము నడచినది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోని ‘ఫెయిర్’ను వదలుకొనుటకు 2020 వరకు పట్టినది. తెల్లబరచునని అమ్ము కొన్ని చవక క్రీములలో పాదరసముండును; అది మూత్రపిండములను చెరచును. 2013లో కుదిరి 2017లో అమలులోనికి వచ్చిన మినమాటా అంతర్జాతీయ ఒడంబడిక అట్టి క్రీములను నిషేధించుచున్నను అవి అంగళ్ళలో దొరకుచునే ఉన్నవి.

విద్యార్థినులారా! క్రీముకై పెట్టు రూకలతో పుస్తకము కొనుడు. ముఖశుద్ధికి గుప్పెడు పెసలు చాలును. విద్యార్థులారా! రేపు సంబంధము చూడబోవునపుడు చాయ అడుగబోమని నేడే నిశ్చయించుకొనుడు. నలుగు మురికిని తీయును. మనసునకు పట్టిన రంగుభేదమును తీయవలసినది చదువే.