ముందు కిటికీ, తర్వాతే గాజు బొమ్మ

పాత గాజు బొమ్మలన్నా, క్రిస్టల్ శిల్పాలన్నా నాకు ప్రాణం అక్కచెల్లెళ్లూ. ఎవరింట్లోనైనా ఓ మూల క్రిస్టల్ హంసో, పొట్టలో నీలం రంగు దాచుకున్న గాజు చేపో కనిపిస్తే ఇక కాళ్లు కదలవు. ఈ నెల ముచ్చట్లు వాటి గురించే. అసలు మాట మొదటే చెప్పేస్తున్నా. బొమ్మ కొనే ముందు ఇంట్లో వెలుతురు చూసుకోండి. ఇత్తడి విగ్రహం చీకట్లో ఉన్నా ఇత్తడే. గాజుకు మాత్రం వెలుతురు తగలకపోతే అందం లేదు.

ఉదయ్‌పూర్ మహారాణా సజ్జన్ సింగ్ సంగతి విన్నారా? 1877లో ఇంగ్లండ్‌లోని ఎఫ్ అండ్ సి ఓస్లర్ కంపెనీకి కుర్చీలు, బల్లలు, సోఫాలు, చివరికి మంచం కూడా క్రిస్టల్‌తోనే చేసి పంపమని ఆర్డరిచ్చారట. ఆ కంపెనీ అల్లాటప్పాది కాదు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో 27 అడుగుల గాజు ఫౌంటెన్ నిలబెట్టింది వాళ్లే. పాపం, 1884లో మహారాణా పాతికేళ్ల వయసులోనే కన్నుమూశారు. ఆ సామానంతా వందేళ్లకు పైగా పెట్టెల్లోనే ఉండిపోయింది. ఇప్పుడు ఫతే ప్రకాశ్ ప్యాలెస్ గ్యాలరీలో అందరూ చూడగలుగుతున్నారనుకోండి, అయినా ఆ మాట తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. మనమూ తక్కువేం తినలేదు కదమ్మా! పెళ్లికి వచ్చిన క్రిస్టల్ గిన్నె, మామయ్యగారు విదేశాల నుంచి తెచ్చిన గుర్రం బొమ్మ అటక మీద అట్టపెట్టెలోనే ఉంటాయి. కొత్తవి కొనే ముందు అవి దించండి.

ఇక వెలుతురు సంగతి. అన్ని గాజులకూ ఒకే దీపం పనికిరాదు. కోతలు కోసిన కట్ గ్లాస్‌కు, క్రిస్టల్‌కు చిన్న బల్బు నుంచి సూటిగా పడే కాంతి కావాలి. ట్యూబ్‌లైట్ కింద అది నీరసంగా కనిపిస్తుంది. అదే బొమ్మను ముదురు రంగు చెక్క మీద పెట్టి, పక్క నుంచి చిన్న స్పాట్‌లైట్ పడనివ్వండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రవ్వలు గోడ మీదికి దూకుతాయి. ఆ తళుకు చాలావరకు గాజులో కలిపిన సీసం వల్ల వచ్చేదే. యూరప్ నిబంధనల్లో లెడ్ క్రిస్టల్ అనాలంటే కనీసం 24 శాతం సీసం ఆక్సైడ్ ఉండాలి. అందుకే చేతికి బరువుగా తగులుతుంది. అందుకే ఇంకో జాగ్రత్త కూడా. పాత క్రిస్టల్ గిన్నె ఎంత ముచ్చటగా ఉన్నా అందులో నిమ్మకాయ ఊరగాయ, పళ్లరసం లాంటివి నిలవ ఉంచకండి. పులుపుకు సీసం వాటిలోకి దిగుతుంది.

మసక గాజుది వేరే తీరు. ఫ్రాన్స్‌లో రెనె లాలిక్ మొదట నగలు చేసేవాడు. తర్వాత అత్తరు సీసాల మీదుగా మసక గాజు శిల్పాలకు వచ్చాడు. 1927లో ఆయన చేసిన బకాంత్ అనే పూలపాత్ర చుట్టూ నాట్యమాడే స్త్రీమూర్తులుంటారు. అలాంటి పనితనాన్ని ఎదురు దీపం చంపేస్తుంది. వెనక నుంచో, కింద నుంచో మెత్తని కాంతి ఇస్తే ఒంటి వంపులన్నీ విడివిడిగా తేలివస్తాయి. రంగు గాజుకైతే కిటికీయే సరి. వెనిస్‌లోని గాజు కొలుములను 1291లో పక్కనున్న మురానో దీవికి తరలించారు. ఆ దీవిలో ఒక రంగు మీద ఇంకో రంగు పొరగా ముంచి చేసే చేపలూ పక్షులూ ఉన్నాయే, వాటిని తూర్పు కిటికీలో పల్చని తెల్ల కర్టెన్ ముందు పెట్టి పొద్దున్నే చూడండి. అన్నట్టు, గట్టి గాజు గోళాలను మాత్రం నేరుగా ఎండ పడేచోట పెట్టకండి. భూతద్దంలా ఎండను ఒకచోటికి చేర్చి కర్టెన్‌ను కాల్చగలవు.

ఎక్కడ కొనాలి అంటారా? హైదరాబాద్ వాళ్లకు గురువారం జుమ్మేరాత్ బజార్ ఉంది. ముంబై వెళితే చోర్ బజార్. వెళ్లగానే మురిసిపోయి అడిగినంత ఇచ్చేయకండి. ముందు బొమ్మను తిరగేయండి. దశాబ్దాలు బల్ల మీద నిలబడిన గాజుకు అడుగున, బల్లకు ఆనే అంచు మీద మాత్రమే, అడ్డదిడ్డంగా సన్నని గీతలుంటాయి. అన్ని గీతలూ ఒకే వైపుకి సాగి ఉంటే గరుకు కాగితంతో రుద్దారేమోనని అనుమానించాలి. అంచు చుట్టూ గోరు పోనివ్వండి, కంటికి కనపడని పెచ్చు గోటికి దొరుకుతుంది. బోలుగా ఉన్న పాత్రయితే మెల్లగా మీటండి. మంచి లెడ్ క్రిస్టల్ ఖంగున మోగి కాసేపు ఆ నాదం నిలుస్తుంది. బీట ఉంటే మొద్దుగా పలుకుతుంది.

గుర్తులు చూడటం కూడా నేర్చుకోవాలి. లాలిక్ బతికున్నంత కాలం ఆయన గాజు మీద పేరుకు ముందు ఆర్ అక్షరం ఉండేది. 1945లో ఆయన పోయాక దాన్ని తీసేశారు. ఆ అక్షరానికి విలువ ఎక్కువ కాబట్టి దొంగ సంతకాలూ ఎక్కువే. స్వరోవ్‌స్కీ కంపెనీ వాళ్ల క్రిస్టల్ జంతువులు 1976లో ఓ చిట్టెలుకతో మొదలయ్యాయి. షాండ్లియర్ ముక్కలను కలిపి చేసిందే ఆ ఎలుక. ఇప్పుడు అందరికీ తెలిసిన హంస గుర్తు 1980ల చివర్లో వచ్చింది. అంతకు ముందువి ఎస్‌సి అనే గుర్తుతో ఉంటాయి. మురానో అని కాగితం స్టిక్కర్ ఉన్నంత మాత్రాన నమ్మకండి. స్టిక్కర్ ఎవరైనా అతికించగలరు.

కడిగేటప్పుడు ముందు చేతి గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. లెడ్ క్రిస్టల్ మెత్తన, ఇట్టే గీత పడుతుంది. ప్లాస్టిక్ టబ్బులో పాత తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క సబ్బు చాలు. వేడినీళ్లు వద్దేవద్దు. ముక్కలు అతికించి చేసిన బొమ్మలను నానబెట్టకండి, జిగురు వదులుతుంది. బోరు నీళ్లకు పట్టిన తెల్లటి పొరకు కొంచెం వెనిగర్, ఆఖరికి ఫిల్టర్ నీళ్లు. అప్పటికీ మసక పోలేదంటే గాజు పైపొరే దెబ్బతిన్నట్టు. కొనేటప్పుడే అలాంటిది కనిపిస్తే వదిలేయండి.

పిల్లలున్న ఇంట్లో ఇవన్నీ ఎలా అంటుంది మా చెల్లెలు. బొమ్మ అడుగున పిసరంత మ్యూజియం వ్యాక్స్ (బొమ్మలు కదలకుండా అంటించే మైనం) అంటిస్తే చెయ్యి తగిలినా జారదు. ఎత్తుగా పెట్టండి, ఒక్కో అరకు రెండు మూడుకు మించి పెట్టకండి. ఇరవై బొమ్మలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్న షోకేసులో దేనికీ వెలుతురు దక్కదు. పిల్లలను దూరం పెట్టడం కంటే, దగ్గర కూర్చోబెట్టుకుని రెండు చేతులతో ఎలా పట్టుకోవాలో చూపించడమే మేలు. సంక్రాంతి బొమ్మల కొలువులో ఒక మెట్టు వీటికీ కేటాయించండి, వాళ్లకే ఇష్టం పుడుతుంది. పగిలితే అరిష్టమని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. గాజు గుణమే అది.

వెయ్యి రూపాయలు ఖర్చుపెట్టే ముందు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గాజు వస్తువుల గ్యాలరీకి ఒకసారి వెళ్లి రండి. వెనిస్, బొహీమియా, ఫ్రాన్స్, ఇంగ్లండ్ గాజు అంతా ఒకేచోట చూస్తే మంచిదేదో కంటికే తెలుస్తుంది. శుక్రవారం మాత్రం సెలవు.