స్వరపేటిక లేకున్నా మాట్లాడవచ్చు

గొంతు క్యాన్సర్ ముదిరినప్పుడు ప్రాణం కాపాడటానికి కొందరికి స్వరపేటికను పూర్తిగా తొలగించాల్సి వస్తుంది. పుదుచ్చేరి పట్టణంలోని జిప్‌మెర్ ఆసుపత్రికి చుట్టుపక్కల తమిళులే కాదు, అదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన యానాం తెలుగువారూ వైద్యానికి వస్తారు. స్వరపేటిక పోయిన ఇద్దరికీ ఒకే పరికరం ఇచ్చినా, మాటలో ఎదురయ్యే ఇబ్బంది మాత్రం ఒకేలా ఉండదు.

పోయేది ధ్వని మాత్రమే

ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి స్వరతంత్రులు కంపిస్తే ధ్వని పుడుతుంది. నాలుక, పెదవులు, అంగిలి ఆ ధ్వనిని అక్షరాలుగా మలుస్తాయి. శస్త్రచికిత్సలో శ్వాసనాళాన్ని మెడ ముందు భాగంలోని రంధ్రానికి కలుపుతారు. ఊపిరి ఇక నోటి దాకా రాదు. కానీ అక్షరాలను మలిచే అవయవాలు అలాగే ఉంటాయి. కావలసిందల్లా మరో ధ్వని.

మూడు మార్గాలు

మొదటిది, నోటితో గాలిని అన్నవాహికలోకి తీసుకుని, తిరిగి పైకి వదులుతూ మాట్లాడటం. దీనికి పరికరం అక్కర్లేదు కానీ నెలల సాధన కావాలి.

రెండోది ఎలక్ట్రోలారింక్స్. బ్యాటరీతో నడిచే ఈ పరికరాన్ని మెడకు ఆనించి బటన్ నొక్కితే, దాని కంపనం నోటిలోకి చేరుతుంది. త్వరగా నేర్చుకోవచ్చు. గొంతు మాత్రం యంత్రంలా వినిపిస్తుంది.

మూడోది శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య అమర్చే చిన్న సిలికాన్ కవాటం. 1980లో సింగర్, బ్లోమ్ ఈ పద్ధతిని వెల్లడించారు. మెడ రంధ్రాన్ని వేలితో మూస్తే ఊపిరి కవాటం గుండా అన్నవాహికలోకి వెళ్లి, దాని గోడలను కంపింపజేస్తుంది. కవాటాన్ని కొన్ని నెలలకోసారి మార్చాలి. దిగుమతి కవాటాల ధర పేదలకు భారం కావడంతో బెంగళూరు వైద్యుడు విశాల్ రావు సుమారు 50 రూపాయల ఖర్చుతో ‘ఓం’ అనే కవాటాన్ని రూపొందించారు.

పరుషాలతో చిక్కు

బడిలో చదివిన పరుషాలు, సరళాలు ఇక్కడ అక్కరకొస్తాయి. క, ప పలికేటప్పుడు స్వరతంత్రులు కంపించవు. గ, బ పలికేటప్పుడు కంపిస్తాయి. ఎలక్ట్రోలారింక్స్ బటన్ నొక్కినంతసేపూ మోగుతూనే ఉంటుంది. అందుకే ‘కుడి’ ‘గుడి’లా, ‘కాలి’ ‘గాలి’లా వినిపించవచ్చు. ఊపిరితో పుట్టే ‘హ’ మరీ కష్టం. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. అచ్చ తమిళ పదాల్లో ఈ తేడాతో అర్థం మారడం అరుదు. తెలుగులో అలా కాదు.

దీనికి ఉపాయముంది. పరుషం దగ్గర బటన్‌ను క్షణం వదిలి, పెదవులను లేదా నాలుకను గట్టిగా బిగించి విడవాలి. ఇలాంటి జంట పదాలతో ఇంట్లో రోజూ సాధన చేయవచ్చు. పెదవులు కనిపించని ఫోన్ సంభాషణలో ఈ తేడా మరింత ముఖ్యం. అందుకే పరికరంతోపాటు మాతృభాషలో శిక్షణ కూడా చికిత్సలో భాగం కావాలి.