శీతదేశపు తోటలో హైడ్రాంజియా

గత సంవత్సరము ఆగస్టు మాసమున మా పూర్వవిద్యార్థి యొకడు అమెరికాలోని మినియాపొలిసు నగరమునుండి మాకొక లేఖ వ్రాసెను. ఈ గోపాల్‌పేటలో ఇంటిముంగిట మల్లెపొదలు పెంచిన అతని తల్లిగారు కుమారునియొద్దకు పోయి, అచ్చటి పెరటిలో పెద్దాకుల హైడ్రాంజియా మొక్కను నాటిరి. రెండు వేసవులు గడచినవి. ఆకులు గుబురుగా వచ్చినవి గాని పూవొక్కటియు పూయలేదు. తన చేతివాసి ఆ దేశమునకు రాలేదని ఆమె చింతించుచున్నారట. ఏటేట మంచు పడకముందే పొదను శ్రద్ధగా కత్తిరించుచున్నను ఇట్లేల యగుచున్నదని అతడు మమ్మడిగెను. ఆ ప్రశ్నను మేము తొమ్మిదవ తరగతిలో నల్లబల్లపై వ్రాసితిమి.

హైడ్రాంజియా యను పేరు గ్రీకుభాషలో నీటికిని పాత్రకును చెల్లు రెండు మాటల కూర్పు. దాని చిన్నికాయ నీళ్లచెంబును పోలియుండును. గుత్తులలో మనకు పూరేకులవలె కనబడునవి పెద్దవై రంగుతేరిన రక్షకపత్రములు. మన కాగితపుపూల తీగెయు ఇట్టి మాయనే చేయును; అందలి రంగు పుచ్ఛములది. పెద్దాకుల జాతి జపాను దేశపుది. ఉదకమండలమునందును కొడైకెనాలునందును దీనిని చూడవచ్చును. ఆమ్లగుణముగల నేలలో అల్యూమినియము వేళ్లకందుటచే పూలు నీలమగును. సున్నపు నేలలో గులాబిరంగు దాల్చును. 40 డిగ్రీలు దాటు మన యెండకు ఇది తాళదు గనుక, బాలురారా, బడితోటలో నాటుదమని మమ్మడుగకుడు.

ఇక అసలు సంగతి. కొల్లాపురపు మామిడితోటలను మీలో అనేకులు చూచియుందురు. మామిడి కిందటియేటి ముదురు రెమ్మల కొసలనే పూతపట్టును. పూతకు ముందు ఆ కొసలు నఱికినచో ఆ యేడు కాయ లేదు. మల్లె యట్లు గాదు. చలికాలమున కత్తిరించిన పిదప వచ్చు క్రొత్తచిగుళ్లకే మొగ్గ తొడుగును. పెద్దాకుల హైడ్రాంజియా శరత్కాలమునకే మఱుసటియేటి మొగ్గలను కొమ్మల కొసలయందు దాచుకొనునని మేము చెప్పగానే, ఒక బాలిక లేచి, "అయ్యా, ఆ అవ్వగారు మామిడిని మల్లె యనుకొన్నారు" అనెను. అంతకంటె చక్కగా మేమును చెప్పియుండము. కత్తెర తప్పిన మొగ్గలనైనను అచ్చటి చలి చంపగలదు. కొన్ని రాత్రులు అది సున్నకు దిగువ 25 డిగ్రీలను చేరును.

అట్టి చోటికి తగినది పానిక్యులాటా జాతి. ఇది మల్లె స్వభావముగలది. ఆ యేటి చిగుళ్లయందే పూయును. ఇందు బెల్జియము దేశమున పుట్టిన బోబో యను పొట్టిరకము సుమారు 3 అడుగులు పెరుగును. మంచు కరిగిన పిదప, వేళ్లముద్దకు రెండింతల వెడల్పున, దాని లోతునకు మించకుండ గుంట త్రవ్వి, ఉదయపుటెండ తగులుచోట నాటవలెను. నీరు నిలువరాదు, మొదటియేడు నేల ఎండరాదు. చలికాలపు తుదిని, ఆకు వేయకముందు, మూడవవంతు కత్తిరింపవచ్చును. తెల్లనిపూలు క్రమముగా గులాబిరంగునకు తిరుగును. నేల యెట్టిదైనను నీలము కావు.

ఇవన్నియు వ్రాసి పంపితిమి. మే మాసమున ప్రత్యుత్తరము వచ్చెను. బోబోను నాటిరట. పాతపొదను పీకివేయుదమని కుమారుడనగా తల్లిగారు ఒప్పుకొనలేదట. ఆ చలికాలము దానిని కత్తిరింపక, చుట్టు తడిక కట్టి, ఎండుటాకులు నింపి కాపాడిరట. రెండు కొమ్మల కొసలయందు మొగ్గలు సజీవముగా నున్నవని వ్రాసినాడు.