ఆ మాట ఊరివాళ్ల మీద వేయకు

చిరంజీవి బిడ్డకు,



నల్లగొండ పల్లెల ఫ్లోరైడ్ నీళ్ల మీద మీ ఇంగ్లీషు పత్రికకు రాసిన వ్యాసం చదివాను. అచ్చుకు పోకముందే పంపి మంచి పని చేశావు. బోర్ల సంగతులు బాగా కూడబెట్టావు. అయితే ఆ ఊళ్లవాళ్లు తాము తాగే నీళ్ల ప్రమాదం విషయంలో ఏళ్ల తరబడి ‘ఆబ్లివియస్’గా ఉండిపోయారని ఒకచోట రాశావు. ఆ మాట తీసెయ్, బిడ్డా.

లాటిన్‌లో మరుపు అనే మాట నుంచి అది పుట్టింది. ఇంగ్లీషులోనూ మొదట దానికి మతిమరుపు అర్థమే. ‘మాక్‌బెత్’ అయిదో అంకంలో మనోవ్యథను మరిపించే మందు గురించి అడిగించేటప్పుడు షేక్‌స్పియర్ ఈ మాటే వాడాడు. తెలిసినదాన్నే కదా మరిచిపోతాం! అందుకే 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో, ఉత్తగా తెలియకపోవడానికి దీన్ని వాడటం సరికాదన్నాడు. ఆయన మాట నెగ్గలేదు. ఇప్పటి నిఘంటువులు ‘ఎరగని’ అనే అర్థాన్నీ ఒప్పుకుంటున్నాయి. దాని తర్వాత ‘ఆఫ్’ పెట్టాలా ‘టు’ పెట్టాలా అన్న తగువూ తీరిపోయింది, రెండూ నడుస్తాయి.

అయినా పాత వాసన పోలేదు. ఈ మాట వింటే, కళ్లెదుట ఉన్నదాన్ని పట్టించుకోని మనిషే మనసులో మెదులుతాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, బస్సు హారన్ కొడుతున్నా వినకుండా రోడ్డు దాటేవాణ్ణి అలా అనొచ్చు. ఫ్లోరైడ్ అలా కళ్లెదుట కనబడేదా? నీళ్లు తేటగానే ఉంటాయి. రంగు ఉండదు, వాసన ఉండదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. అది దాటిందని నాలుకతో కనిపెట్టగలవాళ్లు ఎవరు?

తెలియని ఆ రోజుల గురించి రాయడానికి ‘అన్‌అవేర్’ చాలు. అందులో నింద లేదు, సంగతి వాళ్ల దాకా చేరలేదని మాత్రమే చెబుతుంది. దాని వెంట ‘ఆఫ్’ గానీ ‘దట్’ గానీ రావాలి, మనవాళ్లకు అలవాటైన ‘అబౌట్’ వద్దు. చివర ఎస్ చేర్చావా, అర్థమే మారిపోతుంది. ఏమరుపాటున చిక్కిన సందర్భానికి వాడే మాట అది. ‘ఇగ్నరెంట్’ జోలికి అసలే పోకు. ఫలానా విషయం తెలియదనడానికి దాన్ని వాడినా తప్పు కాదు గానీ, చదివేవాళ్లకు తిట్టులాగే వినబడుతుంది. చదువుకున్న మనం చదువులేనివాళ్ల గురించి రాసినప్పుడు మరీనూ.

తెలిశాక కూడా చాలామంది అవే నీళ్లు తాగారు. వేరే నీళ్లు లేవు మరి! దీన్ని పై మూడు మాటల్లో ఏదీ చెప్పలేదు. అక్కడ విశేషణం మానేసి, వాళ్లకు తెలుసు, మంచినీళ్లు మాత్రం రాలేదు అని జరిగింది జరిగినట్టు రాయి.

తెలియాల్సినవాళ్లకు ఎప్పుడు తెలిసిందో కూడా చూడు. నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ జబ్బు ఉందని వైద్యులు 1937లోనే ప్రకటించారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించారు. దానికి మన జిల్లా పేరే పెట్టి ‘నల్లగొండ టెక్నిక్’ అన్నారు. కాగితాలు చేతిలో ఉండి కూడా కన్నెత్తి చూడనివాళ్లు నీ వెతుకులాటలో తేలితే, ‘ఆబ్లివియస్’ వాళ్లకు తగిన మాట. అదైనా రుజువు దొరికాకే.

ఇంకోసారి ఆ ఊళ్లకు పోయి రా. నీళ్లలో దోషం ఉందని మొదట ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చెప్పాక ఎవరెవరిని కలిశారు అని పెద్దవాళ్లను అడుగు. వాళ్లు చెప్పింది కాగితాలతో సరిచూసుకుని, ఆ ‘ఆబ్లివియస్’ వాక్యం ఉన్నచోటే వేయి. శీర్షిక బాగుంది, మార్చకు.

మీ పెద్దనాయన