ఫారం తెరుచుకునే వరుస



మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. కంప్యూటరును మొదటిసారి ముట్టుకున్నది కాలేజీ ల్యాబులోనే. అందుకే ఎం.సి.ఎ.లో ప్రాజెక్టుకు మాకు బాగా తెలిసిన విషయాన్నే ఎంచుకుని, మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో మెస్ బిల్లుల రిజిస్టరు తయారు చేశాము. ఫారం మీద ఒకసారికి ఒక్క విద్యార్థి వివరాలే కనిపిస్తాయి. డబ్బు కట్టనివారి పేరు పక్కన ఎర్రగా 'బాకీ' అని రావాలి.

సార్‌కు చూపించిన రోజు మొదటి పేరుకు 'బాకీ' అని సరిగానే వచ్చింది. తరువాతి పేరుకు వెళ్తే అక్కడా బాకీయే! వెనుక నిలబడ్డ జూనియర్, "అన్నా, అది నా పేరు. నేను కట్టాను కదా, రసీదు కూడా ఉంది" అన్నాడు. మాకు తల కొట్టేసినట్టయింది.

టేబుల్‌లో అంకెలు సరిగానే ఉన్నాయి. తప్పల్లా కోడ్ పెట్టిన చోటిదే. యాక్సెస్‌లో ఫారం తెరిస్తే ఈవెంట్లు ఈ వరుసలో జరుగుతాయి:

1. ఓపెన్: మొదటి రికార్డు కనిపించక ముందు వస్తుంది. ఫారం తెరుచుకోకుండా ఇక్కడే ఆపవచ్చు.
2. లోడ్: రికార్డులు ఫారంలోకి వచ్చాక, ఒక్కసారే.
3. రీసైజ్: విండో సైజు ఏర్పడినప్పుడు. తరువాత సైజు మార్చినా వస్తుంది.
4. యాక్టివేట్: ఆ ఫారం ముందుకు వచ్చినప్పుడు.
5. కరెంట్: మొదటి రికార్డు మీదికి వచ్చినప్పుడు, ఆపైన రికార్డు మారిన ప్రతిసారీ.

మెస్ తలుపు పూటకు ఒక్కసారే తీస్తారు, వడ్డన మాత్రం ప్రతి పళ్లేనికీ జరగాలి. మేము వడ్డించే పనిని తలుపు తీసేచోట, అంటే లోడ్‌లో పెట్టాము. మొదటి విద్యార్థిని చూసి రాసిన 'బాకీ' అందరికీ అలాగే నిలిచిపోయింది.

కోడ్‌ను కరెంట్‌లోకి మార్చాము. అయినా తప్పు పోలేదు! బాకీ ఉంటే మాట కనిపించాలని రాశాము గానీ, లేకపోతే దాచాలని రాయలేదు. 'ఎల్స్' భాగం కూడా రాశాకే సరయింది. ఇంకొక సంగతి. అదే రికార్డులో ఉండి సొమ్ము మార్చితే కరెంట్ రాదు. అందుకని సొమ్ము గడికి ఉండే ఆఫ్టర్ అప్‌డేట్‌లోనూ ఆ పరీక్షే పెట్టాలి.

ఫారంలో సబ్‌ఫారం ఉంటే ముందు సబ్‌ఫారమే లోడ్ అవుతుంది, తరువాతే పెద్ద ఫారం. మూసేటప్పుడు వరుస అన్‌లోడ్, డీయాక్టివేట్, క్లోజ్. ఇవన్నీ బట్టీ పట్టనక్కరలేదు. ప్రతి ఈవెంటులోనూ డీబగ్ ప్రింట్‌తో దాని పేరు రాయించి, కంట్రోల్ జి నొక్కితే వచ్చే ఇమ్మీడియట్ విండోలో చూడండి. వరుస కళ్లముందే కనబడుతుంది.

రిజిస్టరులో ఒక్క మాట తప్పుపడితే, డబ్బు కట్టినవాడు రసీదు పట్టుకుని తిరగాలి. ఆ తిరుగుడు ఎలాంటిదో మన అమ్మానాన్నలకు తెలుసు. మేము ముందురోజు మొదటి పేరు ఒక్కటే చూసి సరిపోయిందనుకున్నాము. మీరు మాత్రం రెండో పేరు కూడా చూడండి.