మిల్లు దారిలో ఉండగా

చిరంజీవి అల్లుడికి,

నువ్వు దుంగలు కోసే మిషనుకి అడ్వాన్సు కట్టావని, పొద్దున లేచింది మొదలు ట్రాన్స్‌పోర్టు వాళ్ళకి ఫోన్లు చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మిషను దిగేలోగా కోతకు సరుకు సిద్ధంగా ఉండాలని ఇంటి వెనక వేప, మామిడి మొద్దులు గుట్ట పోస్తున్నావట కదా. అది విన్నాకే ఈ జాబు రాస్తున్నాను. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి వదిలేస్తావు.

ముందు ఆ మొద్దులు తేవడం ఆపు. చెప్పిన తేదీకి మిషను వస్తుందని నమ్మకు. అది ఆలస్యమైతే అమ్మినవాడికి వచ్చే నష్టమేమీ లేదు, పాడయ్యేది నీ కలపే. మన పులికాట్ సరస్సు గాలిలోని ఉక్కకి మామిడి మొద్దు కొద్ది వారాల్లోనే నీలిమచ్చ ఎక్కుతుంది. బెరడు కింద పురుగు దూరి పిండిలాంటి పొడి రాలుస్తుంది. వేపకి పురుగు పట్టదని ఊళ్ళో అంటారు. చేవకైతే నిజమే, చుట్టూ ఉన్న తెల్లభాగాన్ని మాత్రం శుభ్రంగా తినేస్తుంది. ఇక ఎండలో పడున్న మొద్దు కొసల నుంచి బీటలు తీస్తుంది. ఇప్పటికే తెచ్చినవాటి కొసలకి పాత పెయింటు దట్టంగా పూయి. నేల తగలకుండా దిమ్మల మీదికెత్తి నీడలో పెట్టు. కొత్తవి కొట్టించకు. చెట్టు నిలబడి ఉన్నంతకాలం కలప దాని దగ్గరే భద్రంగా ఉంటుంది.

చేతులు ఊరుకోకపోతే సర్కారు తుమ్మ చూడు. 1870ల చివర్లో అప్పటి మద్రాసు అటవీశాఖ విదేశీ విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించింది. అలా వచ్చిన చెట్టు ఇవాళ మన సరస్సు గట్ల మీదా శ్రీహరికోటలోనూ ఎక్కడపడితే అక్కడ అల్లుకుంది. అందరికీ అది పొయ్యిలో కట్టె, లేకపోతే బొగ్గు. నా లెక్కలో మాత్రం మన చుట్టుపక్కల అంత స్థిరమైన కర్ర అరుదు. ఎండేటప్పుడు చాలా తక్కువ కుంచించుకుంటుంది, మెలి తిరగదు. తిన్నగా పెరిగిన లావుపాటి మొదలు దొరకడమే కష్టం. మూడడుగుల ముక్క దొరికినా పీటకి, పనిముట్ల పిడికి బంగారం లాంటిది. ముళ్ళు జాగ్రత్త.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు అమెరికా వాళ్ళ వీడియోలు చూసి ఈ పని మీద మనసు పడ్డావు. అక్కడ ఇండియానాపోలిస్‌లో 1982లో మొదలైన వుడ్‌మైజర్ లాంటి కంపెనీలు సన్న బ్లేడు మిషన్లను రైతుల పెరళ్ళ దాకా తెచ్చాయి. కొనుక్కున్నవాడు షెడ్డు వెనక నిలబెట్టి కోసుకుంటాడు. మన దగ్గర అలా కుదరదు. కరెంటుతోనో ఇంజన్‌తోనో దుంగ కోసే మిషనుకి లైసెన్సు ఉండాల్సిందే. 1969లోనే సా మిల్లుల నిబంధనలు వచ్చాయి. 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు కలుగజేసుకున్నాక దేశమంతా పట్టు ఇంకా బిగిసింది. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం లైసెన్సు వ్యవహారం రాష్ట్రస్థాయి కమిటీ చేతిలో ఉంది. అడవి సరిహద్దుకి గానీ అభయారణ్యానికి గానీ 10 కిలోమీటర్ల లోపు కొత్త మిల్లు పెట్టకూడదు.

నీ స్థలం నుంచి సరస్సు నీళ్ళు కనిపిస్తాయి. పులికాట్ 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. కాస్త పైకెళ్తే దొరవారిసత్రం దగ్గర అలాంటిదే ఇంకోటి, నేలపట్టు. కొలవాల్సిన పని కూడా లేదు, నువ్వు ఆ గీత లోపలే ఉన్నావు. పురపాలక సంఘాల పరిధికీ పారిశ్రామిక వాడలకూ ఆ 10 కిలోమీటర్ల లెక్కలో మినహాయింపు ఉంది. అందుకని సూళ్లూరుపేట ఊళ్ళోనే చిన్న షెడ్డు అద్దెకు చూసుకుంటే దారి ఉండొచ్చు. రేపే అటవీ రేంజి ఆఫీసుకి వెళ్ళి స్థలం పటం చూపించి అడుగు. వాళ్ళు చెప్పేదాకా డెలివరీ అడ్రసు ఖాయం చేయకు. కాగితం చేతికొచ్చేవరకు మిషను దాన్ని అమ్మిన కంపెనీ గోడౌన్‌లోనే ఉండనీ. అద్దె అడిగినా ఇవ్వు, సీజు చేసిన మిషను విడిపించుకోవడం కన్నా అది చవక.

ఈ నిబంధన నీకు అన్యాయంగా తోచొచ్చు. ఈ సరస్సు ఒడ్డు కథ తెలిస్తే అలా అనిపించదు. రాకెట్లు రాకముందు శ్రీహరికోట అంటే మద్రాసు పొయ్యిలకి కట్టెలు పంపే అడవి. బకింగ్‌హామ్ కాలువ మీద పడవల నిండా కట్టెలు దక్షిణానికి వెళ్ళేవి. అలా నరుక్కుంటూ పోతే ఏం మిగులుతుందో ఈ తీరానికి తెలుసు. ఇంకో మాట. రాత్రిపూట ఎవడైనా ఎర్రటి దుంగ తెచ్చి రెండు కోతలేసి పెట్టమంటే గేటు తీయకు. శేషాచలం ఎర్రచందనం దొంగరవాణా సంగతి నీకు వేరే చెప్పాలా? పట్టపగలు వచ్చే మామూలు కలపకైనా చెట్టు ఎవరిది, కొట్టడానికి అనుమతి ఉందా అని అడిగి, పుస్తకంలో రాసుకున్నాకే మిషను మీదికెక్కించు.

కరెంటు విషయం. బోరుకిచ్చిన వ్యవసాయ కనెక్షన్ మీద మిల్లు నడపడం నేరం. లైసెన్సు దరఖాస్తుతో పాటే ఎస్పీడీసీఎల్‌లో త్రీఫేజు కనెక్షన్‌కి పెట్టు. ఒక్కోసారి మిషను కన్నా మీటరే ఆలస్యంగా వస్తుంది.

ఇక చేతిపని. టేపు పట్టుకుని మొద్దులు కొలవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకో. డిపోల్లో చుట్టుకొలతని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చవేస్తారు. నాలుగడుగుల చుట్టుకొలత, ఎనిమిదడుగుల పొడవున్న మొద్దు ఆ లెక్కన 8 ఘనపుటడుగులు. నిజంగా అందులో ఉన్నది 10కి కొంచెం పైనే. ఆ తేడా బెరడుకీ చెక్కుకీ పోతుందని వదిలిన లెక్క. అమ్మేవాడు ఏ లెక్క చెబుతున్నాడో తెలియకపోతే బేరంలోనే మునుగుతావు.

సన్న బ్లేడు కొన్నందుకు మాత్రం నిన్ను మెచ్చుకుంటాను. గుండ్రటి రంపం ఒక్కో కోతకి 5, 6 మిల్లీమీటర్లు పొట్టు చేస్తుంది. నీది 2 మిల్లీమీటర్లతో సరిపెడుతుంది. పది కోతలేస్తే అంగుళం పైచిలుకు పలక మిగిలినట్టే. కానీ సన్న బ్లేడుకి ఓర్పు తక్కువ. ముడి దగ్గర తోస్తే దారి తప్పి పలక అలలు తిరుగుతుంది. గంటా రెండు గంటల కోతకే పదును పోతుంది, అప్పుడు బలం పెట్టకుండా బ్లేడు మార్చు. పని అయ్యాక బిగింపు వదులు చేయి. ఉప్పుగాలికి తుప్పు పడుతుంది కాబట్టి నూనె రాసి పెట్టెలో దాచు. రోడ్డు పక్క వేపచెట్లలో ఫ్లెక్సీ కట్టిన మేకులు, మేకల్ని కట్టిన మేకులు బెరడు మింగేసి ఉంటాయి. మొద్దుల్లో ఇనుము పట్టే చిన్న డిటెక్టరు ఒకటి కొను.

అన్నిటికన్నా ముందు పుల్లలు చీరి పెట్టుకో. ముప్పావు అంగుళం మందం, ఎండినవి, అన్నీ ఒకే కొలత. పలకల వరుసకీ వరుసకీ మధ్య అడుగున్నరకొకటి పెట్టాలి. పై పుల్ల కింది పుల్లకి తిన్నగా రావాలి, లేకపోతే పలక అక్కడే వంగుతుంది. మీద రేకు కప్పి బరువు పెట్టు, పక్కలు గాలికి వదులు. అంగుళం పలక ఆరడానికి నెలలు పడతాయి. కార్తీకం వానల్లో ఆశపడి తలుపుకి వాడకు. షెడ్డు నేల కూడా ఆ వానలకి ముందే గట్టిపరచి కాంక్రీటు వేయించు. మన ఒండ్రునేల వానకి కుంగుతుంది. మిషను పట్టాలు ఒక కొసన కుంగితే పలక మందం రెండు కొసల్లో రెండు రకాలుగా వస్తుంది. మేస్త్రీల నీళ్ళ పైపుతో లెవలు నువ్వే దగ్గరుండి చూసుకో.

లారీ వచ్చిన రోజు డ్రైవరు తొందరపెడతాడు. పెట్టె విప్పి, చక్రాలు, పట్టాలు, మోటారు ఫోటోలు తీసి, తక్కువైనవి రసీదు మీద రాశాకే సంతకం పెట్టు. దింపడానికి తాళ్ళూ మనుషులూ చాలరు, క్రేను మాట్లాడు. బ్లేడు పొడవు, వెడల్పు మిషను మీద ఉంటాయి, రాసి నాకు పంపు. చెన్నై వెళ్ళేవాళ్ళ చేత రెండు మూడు అదనంగా తెప్పిస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

మీ మామ